కోర్టు కాదన్నాక ఇంకా పెళ్లేమిటి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మావారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మాకు ఒక్కడే అబ్బాయి. 32 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏ సంబంధం చూసినా ఏదో ఒక వంక పెడుతూ వచ్చాడు. మొన్న దసరాకి వచ్చినప్పుడు వంటింట్లో నా పక్కన కూర్చుని, తను గే అని, ఆరేళ్లుగా తనతో ఉంటున్న స్నేహితుడే తన మనిషి అని చెప్పాడు. ఆ అబ్బాయిది విజయనగరం. మా ఇంటికి చాలాసార్లు వచ్చాడు, మంచివాడే. మియాపూర్‌లో ఫ్లాట్ మావాడి పేరు మీద ఉంది, ఈఎంఐ మాత్రం ఇద్దరూ కడుతున్నారట. మాఘమాసంలో కొద్దిమంది స్నేహితుల మధ్య దండలు మార్చుకుంటాం, నువ్వు రావాలమ్మా అంటున్నాడు. మావారికి చెబితే ‘సుప్రీంకోర్టే కొట్టేసింది, ఇంకా పెళ్లేమిటి’ అని కేకలేశారు. విజయవాడలో ఇలాంటివి నయం చేసే డాక్టరున్నాడట, తీసుకెళ్దాం అంటున్నారు. ఏలూరు సంబంధం వాళ్లు వచ్చే నెల పెళ్లిచూపులకు రమ్మంటున్నారు. ఒక ఇంటివాడైతే అన్నీ సర్దుకుంటాయని మా ఆడపడుచు పోరు. అసలు ఇలాంటి పెళ్లి చట్టంలో ఉందా, లేదా? లేకపోతే రేపు వాడి గతేమిటి? ఆ ఫంక్షన్‌కి నేను వెళ్లొచ్చా? ఆ అబ్బాయి మా కులం కూడా కాదు. – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో చట్టం ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటికంటే ముందు తేల్చాల్సింది ఏలూరు సంబంధం. ఆ పెళ్లిచూపులు ఆపండి. వాళ్లకు కారణాలు చెప్పక్కర్లేదు, ‘అబ్బాయికి ఇప్పుడు పెళ్లి ఉద్దేశం లేదు’ అంటే చాలు. పెళ్లయితే సర్దుకుంటుందన్న మాట మన ఇళ్లలో తాగుడు గురించీ అన్నారు, తిరుగుళ్ల గురించీ అన్నారు. ఎప్పుడూ దాని ఖరీదు కట్టింది బయటినుంచి వచ్చిన పిల్లే. ఏమీ తెలియని ఒక ఆడపిల్లను తెచ్చి, మొగుడు ఎందుకు దగ్గరకు రాడో అర్థంకాక ఆమె తనలోనే లోపం వెతుక్కునేలా చేయడం కంటే పెద్ద తప్పు ఈ వ్యవహారంలో ఇంకోటి లేదు. దాచి చేశారని తెలిసిన రోజు అది కోర్టుకెక్కుతుంది, అందులో మీ పేరూ ఉంటుంది. మీ ఆడపడుచుకి ఈ ముక్క చెప్పండి.

విజయవాడ డాక్టరు సంగతి కూడా ఇప్పుడే ముగిద్దాం. ఇది జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే బహిరంగంగా చెప్పింది. ‘మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్సలు వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తాయని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. ఇప్పటికీ ఎవరైనా నయం చేస్తానంటున్నాడంటే అతను మీ భయాన్ని అమ్ముకుంటున్నాడు. కౌన్సెలింగ్ కావాలంటే మీరూ మీవారూ వెళ్లండి. ఇంత పెద్ద విషయం మోస్తున్నది ఇప్పుడు మీరిద్దరే, మీవాడు చెప్పేసి కాస్త తేలికపడ్డాడు.

ఇక కోర్టు. మీవారు చెప్పింది అబద్ధం కాదు. సుప్రీంకోర్టు కాదంది. ఏది కాదందో, ఏది అనలేదో వార్తల్లో హెడ్డింగులు చూసినవాళ్లకు తెలియదు. ఆయన మాస్టారు కాబట్టి వివరంగా చెబుతాను, చదివి వినిపించండి.

ఆ కేసు మొదలైంది మన హైదరాబాద్‌లో ఉంటున్న జంటతోనే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో హైదరాబాద్ దగ్గర తమవాళ్ల మధ్య వేడుక చేసుకున్నారు. మరుసటి ఏడాది నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్లారు. తర్వాత ఇంకా ఎందరో జంటలు చేరారు. విచారణ మొత్తం 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ చుట్టూనే తిరిగింది. కులమో మతమో వేరైనవాళ్లు రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకునే పెళ్లిళ్ల చట్టం అది. హిందూ వివాహ చట్టం జోలికి, మిగతా మతాల చట్టాల జోలికి పోమని కోర్టు మొదట్లోనే చెప్పేసింది. పంతులుగారు మంత్రాలు చదివి తీరాలా, చర్చిలో ప్రార్థన చేసి తీరాలా అన్న ప్రశ్నే అక్కడ లేదు. మతం పాడైపోతుందని భయపడేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే సగం గొడవ తగ్గేది.

ఐదుగురు న్యాయమూర్తులు 2023 ఏప్రిల్, మే నెలల్లో పది రోజులు విని, అక్టోబరు 17న తీర్పు చెప్పారు. పెళ్లిని ప్రాథమిక హక్కుగా చూడలేమని, ఆ చట్టాన్ని తాము తిరగరాయలేమని, మార్చాలంటే పార్లమెంటే మార్చాలని ఐదుగురూ అన్నారు. పెళ్లి అని పిలవకపోయినా ఆ బంధాన్ని ప్రభుత్వం ఏదో ఒక రూపంలో గుర్తించి తీరాలా అన్న దగ్గర విడిపోయారు. గుర్తించాలన్నవారు అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్. కోర్టు అలా ఆదేశించే వీల్లేదన్నవారు జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లి, మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్.నరసింహ. అలా 3–2తో పోయింది. మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. కాబట్టి ఈ రోజున మన దేశంలో ఏ రిజిస్ట్రారూ మీ అబ్బాయికి మ్యారేజ్ సర్టిఫికెట్ ఇవ్వడు. ఇది మీ మొదటి ప్రశ్నకు జవాబు.

అదే తీర్పులో, కాదన్న ముగ్గురు కూడా ఒప్పుకున్నది ఒకటుంది. ఇష్టపడ్డ ఇద్దరు కలిసి బతకడం వాళ్ల హక్కు, దాన్ని బెదిరింపుల నుంచి కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఇలాంటి బంధం నేరం అన్న మాట 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతోనే పోయింది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు 2024 డిసెంబరులో ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఒకమ్మాయిని తండ్రి ఇంట్లో నిర్బంధించాడని రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేసింది. ఇద్దరూ మేజర్లు, ఎవరితో ఉండాలో వాళ్లిష్టం, తల్లిదండ్రులు అడ్డు రాకూడదని కోర్టు చెప్పింది. మీవారు కొడుకుని ఇంటికి పిలిపించి ఫోన్ లాక్కుని కూర్చోబెట్టాలనుకుంటే ఈ కేసు గుర్తుచేయండి.

చట్టం మార్చకూడదనేవాళ్ల వాదనల్లో ఒకటి నిజంగా బరువైనది, దాన్ని తేలిగ్గా తీసేయను. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ నిండా ఆడ, మగ అన్న లెక్కే ఉంది. వరుడికి 21, వధువుకి 18. భరణం భార్యకు. విడాకులకు కొన్ని కారణాలు భార్యకు మాత్రమే. ఆ మాటలన్నీ తీసి ‘వ్యక్తి’ అని పెట్టేస్తే, ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్న రక్షణలు పలచబడవా అని జస్టిస్ భట్ అడిగారు. సరైన ప్రశ్నే. అయితే దానికి జవాబు చట్టాన్ని జాగ్రత్తగా రాయడం. రాయడం కష్టమని రాయకుండా ఊరుకుంటే ఎలా? పార్లమెంటు ఇంతకంటే చిక్కు చట్టాలు ఎన్నో రాసింది.

మిగతా వాదనలు నాకంతగా ఆనలేదు. ఇవి నగరాల్లోని పైతరగతివాళ్ల సరదాలని కేంద్రం కోర్టుకు చెప్పింది. భీమవరం పక్క పల్లెలో రిటైరైన మాస్టారి ఇంటి వంటగదిలో జరిగిన సంభాషణ మీరు నాకు రాశారు. ఇక నేనేం చెప్పను? రాష్ట్రాల అభిప్రాయం అడిగితే వ్యతిరేకమని జవాబిచ్చిన మూడింటిలో రాజస్థాన్, అస్సాంతో పాటు మన ఆంధ్రప్రదేశ్ ఉంది. అన్ని మతాల పెద్దలనూ సంప్రదించామని చెప్పింది. మతపెద్దలను అడగడం తప్పేమీ కాదు. రిజిస్ట్రారు ఆఫీసు పెళ్లి గురించి అడగడానికి వాళ్లేనా దొరికింది అనిపిస్తుంది, మీలాంటి తల్లులు ఇంతమంది ఉండగా. పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉండాలి కదా అంటారు కొందరు. ఇప్పుడున్న దత్తత నిబంధనల్లోనే పెళ్లి కాని ఒంటరి మనిషికి బిడ్డను ఇస్తున్నారు, మగవాడికైతే ఆడపిల్లను ఇవ్వరంతే. ఒక్కడు పెంచితే ఫర్వాలేదట, ఇద్దరు కలిసి పెంచితే బిడ్డకు ప్రమాదమట! ఈ లెక్క నాకు అంతుపట్టదు.

పాశ్చాత్యమన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. తైవాన్ 2019లో చట్టం చేసింది. నేపాల్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు తర్వాత 2023 నవంబరులో లమ్‌జుంగ్ జిల్లాలో మొదటి పెళ్లి రిజిస్టరైంది. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి చేసుకుంటున్నారు.

ఇన్ని మాటల మధ్య మీవారు గమనించని సంగతి ఒకటుంది. ఈ ఉత్తరంలో నేను అసలు చెప్పదలచుకున్నది అదే. పెళ్లితో భార్యకో భర్తకో చట్టం కొన్ని అధికారాలు ఇస్తుంది. ఆ పెళ్లిని గుర్తించకపోతే ఆ అధికారాలు మాయమైపోవు, ఇంకొకరి చేతుల్లో ఉంటాయి. మీవాడి విషయంలో అవి ఉన్నది మీ చేతుల్లో.

మియాపూర్ ఫ్లాటే తీసుకోండి. రాయడానికే చేయి రావడం లేదు, కానీ రాయాలి. పెళ్లికాని హిందూ మగవాడు వీలునామా రాయకుండా పోతే, అతని స్వార్జితానికి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి వరుస వారసురాలు తల్లి. తండ్రి కూడా రెండో వరుసే. అంటే ఆ ఫ్లాట్ మొత్తం మీదవుతుంది. నెలనెలా సగం ఈఎంఐ కట్టిన అబ్బాయి బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడాలి, లేదా కోర్టు మెట్లెక్కాలి. అర్ధరాత్రి యాక్సిడెంటయి ఐసీయూలో ఉంటే ‘మీరు పేషెంటుకి ఏమవుతారు’ అని అడిగితే ఆ అబ్బాయి ఫ్రెండ్ అనే చెప్పాలి. అప్పుడు ఆస్పత్రి ఫోన్ వచ్చేది మీకు, సంతకం కోసం మీరు భీమవరం నుంచి బయల్దేరాలి. లోపలికి ఎవరిని రానివ్వాలో మీరు చెప్పినట్టు వింటారు. ‘లేకపోతే వాడి గతేమిటి’ అని అడిగారే, సగం జవాబు మీరు ఎలా ఉంటారన్న దాని మీదే ఉంది. దేశంలో చట్టం ఎప్పుడు మారుతుందో మన చేతుల్లో లేదు. మీ ఇంట్లో మాత్రం ఇవాళే మారొచ్చు.

మిగతా సగం కాగితాల పని. అబ్బాయితో కూర్చుని చేయించండి, మీరు చెబితే వాడు వింటాడు.

అన్నిటికంటే ముఖ్యం వీలునామా. ఇద్దరూ విడివిడిగా రాయాలి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి, ఆస్తి వచ్చేవాళ్లు సాక్షులు కాకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి, రేపు బంధువులెవరూ వేలెత్తకుండా. బ్యాంకులో నామినీగా పేరు రాశాం కదా, చాలదా అంటారు చాలామంది. చాలదు. నామినీ డబ్బు తీసుకునేవాడే తప్ప సొంతదారు కాడని కోర్టులు పదేపదే చెప్పాయి. ఫ్లాట్‌లో వాటా ఇప్పుడే రాసిద్దామనుకుంటే ముందు ఆడిటర్ని అడగండి. భార్యకు భర్త ఎంత ఇచ్చినా పన్ను లేదు, బంధువు కానివారి నుంచి ఏడాదిలో 50,000 దాటి అందితే అది పుచ్చుకున్నవాడి ఆదాయం కింద లెక్క. దీన్ని సవాలు చేస్తూ 2025లో బాంబే హైకోర్టుకు ఒక జంట వెళ్లింది. స్టాంపు డ్యూటీలో కుటుంబ సభ్యులకు ఉండే రాయితీ కూడా వీళ్లకు వర్తించదు. పెళ్లి చట్టం ఎందుకు, కలిసి బతకొచ్చుగా అనేవాళ్లకు ఈ లెక్కలు చూపించాలి. అడుగుతున్నది బాజాభజంత్రీల కోసం అనుకుంటారు పాపం.

జాయింట్ అకౌంట్ తెరవొచ్చు. ఇలాంటి జంటలకు అభ్యంతరం లేదని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టు 28న స్పష్టంగా చెప్పింది. బ్యాంకులో ఎవరైనా నసిగితే ఆ తేదీ చెప్పండి. రేషన్ కార్డులో ఒకే ఇంటివారిగా చూడాలని రాష్ట్రాలకు లేఖ వెళ్లింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామికి భౌతికకాయం అప్పగించే ఏర్పాటు చేయమని ఆరోగ్యశాఖ కూడా రాసింది. ‘బంధువులు లేనప్పుడు’ అన్న మాట చూశారా, మళ్లీ మీ దగ్గరికే వచ్చింది. ఇవన్నీ 2023 తీర్పు తర్వాత క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన వేసిన కమిటీ పుణ్యం. చిన్నచిన్నవే, కానీ వాడుకోవాలి.

వైద్యం విషయంలో, చివరి దశలో ఎలాంటి చికిత్స కావాలో, తన తరఫున ఎవరు నిర్ణయించాలో ముందే రాసి పెట్టుకునే వీలు సుప్రీంకోర్టు 2018లో ఇచ్చింది. 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ చాలు. మామూలు ఆపరేషన్లకు ఇది పనికిరాదు. అందుకు నేనైతే ఒక చిన్న పని చేయమంటాను. ‘మా అబ్బాయి వైద్యం విషయంలో ఫలానా అతను తీసుకునే నిర్ణయాలకు నా సమ్మతి ఉంది’ అని మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, ఫోన్ నంబరు వేసి ఆ అబ్బాయికి ఇవ్వండి. చట్టంలో దాని విలువ ఎంతని లాయర్లు వాదించుకుంటారు. ఆస్పత్రి కౌంటర్ దగ్గర మాత్రం తల్లి సంతకానికి విలువ ఉంటుంది. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సులో భాగస్వామిని చేర్చే వీలుందేమో కూడా కనుక్కోమనండి, కొన్ని పెద్ద కంపెనీలు ఇస్తున్నాయి.

దండలు మార్చుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. చట్టం దాన్ని పెళ్లి అనదు, అంతే. ఫారాల్లో ఇద్దరూ ‘అవివాహితులు’ అనే రాయాలి, అది మరిచిపోవద్దనండి. చెల్లని పెళ్లికి వెళ్లడమేమిటని మీవారు అడిగితే, చరిత్ర ఆయనకే బాగా తెలుసు. వితంతు వివాహాల చట్టం 1856లో వచ్చింది. మన గోదావరి గట్టున రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి పెళ్లి చేయించే సరికి 1881 డిసెంబరు. చట్టం ఉండి కూడా మన వైపు పాతికేళ్లు అలాంటి పెళ్లి లేదు. చేయించాక వెలివేతలు ఎలా ఉన్నాయో పాఠం చెప్పే ఉంటారు. తమిళనాడులో కథ తిరగబడింది. పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్న ఆత్మగౌరవ వివాహాలు దశాబ్దాల పాటు జరిగాయి. అవి చెల్లవని 1950ల్లో హైకోర్టు అంది. 1967లో చట్టం తెచ్చి, అంతకుముందు జరిగినవాటిని కూడా చెల్లేలా చేశారు. మీవాడిది రెండో రకం. అలాంటి రోజు వస్తుందని నేను హామీ ఇవ్వలేను. వస్తే బావుండునని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను.

కాబట్టి వెళ్లండి. మీవారికి చెప్పే వెళ్లండి, దొంగతనంగా వద్దు. ‘నువ్వు రావక్కర్లేదు, నన్ను ఆపొద్దు’ అంటే చాలు. ఆయన మీద జాలి లేక కాదు. ఊళ్లో ముప్ఫై ఏళ్లు పిల్లలకు బుద్ధులు చెప్పిన మనిషికి, రచ్చబండ దగ్గర ఏమనుకుంటారో అన్న టెన్షన్ మామూలుది కాదు. ఆయనకు టైమివ్వండి. ఆ టైములో కొడుక్కి మాత్రం ఫోన్ మానొద్దని చెప్పండి, పంటల గురించో క్రికెట్ గురించో మాట్లాడుకున్నా సరే.

కులం సంగతి ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంగా రాశారు. ఇంత జరుగుతుంటే అది కూడా గుర్తొచ్చిందా అని నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ పుట్టిందే అలాంటి పెళ్లిళ్ల కోసం.

ఒక్క జాగ్రత్త. ఆ విజయనగరం అబ్బాయి ఇంట్లో ఈ విషయం తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే మీ నోటి నుంచి, ముఖ్యంగా మీ ఆడపడుచు నోటి నుంచి ఆ మాట వాళ్లకు చేరకూడదు. వాళ్లింట్లో పరిస్థితి మీకు తెలియదు, కొన్ని ఇళ్లలో దెబ్బలదాకా వెళ్తుంది. వాళ్ల అమ్మానాన్నలకు ఎప్పుడు, ఎలా చెప్పుకోవాలో అతనే చూసుకోవాలి. ఫంక్షన్ ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు కూడా అతన్ని అడగండి.